చివరి గడి

పామర్రు నాలుగు దారులు కలిసే కూడలి. విజయవాడ నుండి బందరుకు పోయే రహదారి, గుడివాడ నుండి చల్లపల్లి వైపు సాగే దారి ఇక్కడ కలుస్తాయి. బస్సు కోసం నిరీక్షించే జనం ఈ కూడలిలో ఏ వేళనైనా ఉంటారు. వారిలో కళాశాలకు వెళ్ళే యువకుడొకడు తప్పక కనిపిస్తాడు. అతని కాళ్ళు పామర్రులోనే ఉంటాయి. చూపు మాత్రం అరచేతిలోని తెర మీద, ఎరాంగెల్ అనే దీవిలో ఉంటుంది. ఆ దీవిలో పొచింకి అనే ఊరున్నది. అక్కడి ఏ మేడ ఎక్కితే ఏ వీధి కనబడుతుందో అతనికి కంఠస్థం. ప్రక్కనున్న వరిచేలకు నీరు తెచ్చే కాలువ ఎక్కడ బయలుదేరి ఎక్కడ ముగుస్తుందని అడిగితే మాత్రం తడుముకొంటాడు. చెంత నిలబడిన పెద్దాయన, “లేని ఊళ్ళో తిరుగుతున్నావేమిరా అబ్బాయ్, ఉన్న ఊరు చూడరాదూ?” అని మందలిస్తాడు. “ఊరికే కాలక్షేపానికి లెండి తాతయ్యగారూ” అని యువకుడు తప్పించుకొంటాడు.

ఈ రెండు మాటలలో దేనినీ యథాతథంగా అంగీకరించలేము. లేని ఊళ్ళో తిరగడమే దోషమైతే ఆ దోషం పెద్దాయనకూ ఉన్నది. ఆయన తాతలకూ ఉన్నది. ఇక ఊరికే కాలక్షేపం అన్నది కూడ నిజం కాదు. ఆట కోసం కల్పించిన ఏ లోకమూ ఊరికే పుట్టదు. దానిని కల్పించినవారికి లోకాన్ని గురించి ఒక అభిప్రాయం ఉంటుంది. ఆ అభిప్రాయమే ఆటలో నియమంగా మారి, ఆడేవారి చేత పాటింపబడుతుంది.

తెలుగులో ‘ఆట’ అనే మాటకు విస్తృతి ఎక్కువ. పిల్లలు ఆడేదీ ఆటే, నర్తకి ఆడేదీ ఆటే. సినిమాకు మొదటి ఆట, రెండవ ఆట అనడమూ వాడుకే. పామర్రు నుండి చల్లపల్లి దారిలో కొద్ది మైళ్ళు పోతే కూచిపూడి వస్తుంది. కూచిపూడి భాగవతులు ‘భామాకలాపం’ ఆడేటప్పుడు ఇద్దరు మనుషులు ఒక తెర పట్టుకొని నిలబడేవారు. ఆ తెర మీదుగా సత్యభామ జడ వ్రేలాడేది. తెరకు ఇవతల కృష్ణా జిల్లా పల్లెటూరు, అవతల ద్వారక. చూడవచ్చిన రైతుకు తాను ద్వారకలో లేనని తెలియక కాదు. తెలిసి కూడ తెల్లవార్లూ ఆ ఊళ్ళోనే ఉండేవాడు. అదే ఆటకు ఉన్న శక్తి. ఆ శక్తిని చిన్న పటంలోనికి కుదించి, చూసేవాడిని ఆడేవాడుగా మార్చిన ఆటలు తెలుగువారికి అనాదిగా ఉన్నాయి.

వాటిలో ముందుగా చెప్పుకోదగినది వైకుంఠపాళి. దీనికే పరమపద సోపాన పటమని పేరు. ఇటువంటి పటాలు 18వ శతాబ్దానికి చెందినవి నేటికీ మ్యూజియములలో భద్రంగా ఉన్నాయి. ముక్కోటి ఏకాదశికి, శివరాత్రికి జాగరణ చేసేవారు నిద్ర రాకుండ దీనిని ఆడేవారు. క్రింది వరుసలో మొదలైన కాయ గడి తరువాత గడి దాటుతూ పైకి పోవాలి. నిచ్చెన మొదట ఒక సుగుణం ఉంటుంది. పాము నోట ఒక దుర్గుణమో, దానికి ప్రతీకయైన అసురుడో ఉంటాడు. పైకి చేరబోయే సమయంలో కాచుకొని ఉండే పెద్దపాము మ్రింగిందంటే కాయ మళ్ళీ అట్టడుగుకు జారవలసినదే. పైన వైకుంఠం. పశుజన్మ నుండి పరమపదం వరకు జీవుడు చేసే ప్రయాణమంతా జానెడు కాగితం మీదికి వచ్చింది. చదువురాని అవ్వ కూడ ఆ లోకంలోని మలుపులన్నీ వేలితో చూపగలిగేది.

అయితే ఈ లోకాన్ని వేనోళ్ళ పొగడి ఊరుకోవడం న్యాయం కాదు. అందులో ఒక చిక్కు ఉన్నది. భక్తి అనే నిచ్చెన ఎక్కాలని ఆటగాడు ఎంత కోరుకొన్నా ఎక్కలేడు. గవ్వలు ఎన్ని పడితే అన్ని గడులే నడవాలి. సుగుణం అతడు ఎంచుకొన్నది కాదు, అతనికి పడినది. దుర్గుణమూ అంతే. పురుషకారానికి చోటులేని ఈ లోకాన్ని కల్పించినవాడు విధిని గాఢంగా నమ్మి ఉండాలి. ఆ నమ్మకంతో ఏకీభవించనివారు కూడ అందులోని ఒక మంచిని గుర్తించవచ్చు: వైకుంఠానికి ముందుగా చేరిన పిల్లవాడు తన గొప్పతనం వల్ల చేరానని విర్రవీగలేడు.

ఈ పటం సముద్రం దాటినప్పుడు ఏమైనదో తెలుసుకొంటే లోకాన్ని మార్చడమంటే ఏమిటో బోధపడుతుంది. 1890 తరువాత ఇంగ్లండులో ఈ ఆట ‘స్నేక్స్ అండ్ ల్యాడర్స్’ పేరుతో ప్రచారంలోనికి వచ్చింది. భారతీయ పటాలలో పాములు ఎక్కువ, నిచ్చెనలు తక్కువ. మోక్షం దుర్లభమని దాని భావం. ఇంగ్లండు పటాలలో క్రమంగా రెండింటి సంఖ్య సమానమైనది. మొదట అక్కడివారి నీతులు కూడ గడులలో వ్రాశారు. తరువాత అవీ తొలగిపోయాయి. 1943లో అమెరికాలో వెలువడిన పటంలోనైతే పాములే లేవు, జారుడుబల్లలు వచ్చాయి. ఆట అదే, లోకం వేరు. పాపం చేసినవాడు పడిపోయే అగాధం కాస్తా పిల్లవాడు నవ్వుతూ జారే ఆటస్థలమైనది.

వైకుంఠపాళిలో లేని స్వేచ్ఛ పులిజూదంలో ఉన్నది. దీనికి కాగితం కూడ అక్కరలేదు. అరుగు మీద సుద్దతో కొండ ఆకారంలో గీతలు గీస్తే చాలు. పాత గుళ్ళ మంటపాల రాతి పలకల మీద ఈ గీతలు చెక్కి ఉండడం నేటికీ చూడవచ్చు. సాధారణంగా పులులు 3, మేకలు 15. పులి ఒక మేక మీదుగా దూకి దానిని చంపుతుంది. మేక దేనినీ చంపలేదు. కాని నాలుగు ప్రక్కలా చేరి పులికి కదలడానికి చోటు లేకుండ చేయగలదు. పులులన్నీ కట్టుబడితే గెలుపు మేకలది. ఇందులో గవ్వలు లేవు, అదృష్టం లేదు. మేకల ప్రక్షాన ఆడేవాడు ఒంటరి మేకను ముందుకు తోసినంతకాలం ఓడుతూనే ఉంటాడు. రెండేసి మేకలను వెనుకా ముందూ నిలపడం నేర్చిన రోజున గెలుస్తాడు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే బలహీనుల బలం ఎక్కడ ఉన్నదో వ్రేళ్ళకు తెలిసిపోతుంది. వైకుంఠపాళికంటే పులిజూదమే మేలైన కల్పన అనిపించడానికి కారణం ఇదే. ఒక్క దేవుడి పేరు గాని, ఒక్క నీతి వాక్యం గాని లేకుండ ఆ గీతలు తమ మాట తాము చెబుతాయి.

నియమం లేకపోయినా, గెలుపోటములు లేకపోయినా, లోకాన్ని కల్పించడమే ఆటగా ఆడుకొనే వయస్సు ఒకటి ఉన్నది. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో కొండపల్లి బొమ్మలతో పిల్లలు ఊరు కట్టడం తెలిసినదే. ఇటువంటి బొమ్మల ఆట ఎంత దూరం పోగలదో చూపిన కుటుంబమొకటి ఇంగ్లండులో ఉండేది. 1826లో యార్క్‌షైర్ ప్రాంతపు హావర్త్ గ్రామంలో బ్రాంటీ అనే మతబోధకుడు తన కుమారునికి ఒక పెట్టెడు కొయ్య సిపాయిలను తెచ్చి ఇచ్చాడు. ఆ నలుగురు పిల్లలు సిపాయిలకు పేర్లు పెట్టారు. వారికి నగరాలు, రాజ్యాలు, పత్రికలు కల్పించి అరచేతిలో ఇమిడేంత చిన్న పుస్తకాలలో వ్రాసుకొన్నారు. ఏళ్ళ తరబడి ఆ ఆట సాగింది. ఆ పిల్లలలో షార్లట్ ‘జేన్ ఐర్’ను, ఎమిలీ ‘వుదరింగ్ హైట్స్’ను 1847లో ప్రకటించారు. లేని ఊళ్ళో తిరగడం అన్ని వేళలా వ్యర్థం కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అవసరం లేదు. అయితే ఒక భేదాన్ని గమనించాలి. బ్రాంటీ పిల్లలు తిరిగిన ఊరు వారు కట్టుకొన్నది.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డన్‌జెన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను ప్రకటించారు. ఒకరు లోకాన్ని వర్ణిస్తూ పోగా మిగిలినవారు అందులో పాత్రలై నడిచే ఆట అది. దానికి కాగితం, పెన్సిలు, పాచికలు ఉంటే చాలు. తరువాత కంప్యూటర్లు వచ్చి వర్ణనను దృశ్యం చేశాయి. దృశ్యం తయారు చేయడానికి వందలాది మంది పనివారు, కోట్ల పెట్టుబడి కావలసి వచ్చాయి. దానితో లోకం కట్టేవారు వేరు, అందులో తిరిగేవారు వేరు అయినారు.

ఈ కొత్త లోకాలలో కృష్ణా డెల్టా వారు ప్రత్యేకంగా పరిశీలించదగినది ‘ఫార్మ్‌విల్’. జింగా అనే అమెరికా కంపెనీ 2009లో ఫేస్‌బుక్‌లో దీనిని ప్రవేశపెట్టింది. దున్నడం, విత్తడం, కోయడం ఇందులో ఆట. నగరాలలో ఉద్యోగాలు చేసుకొనేవారు, ఎన్నడూ మట్టి ముట్టనివారు కోట్ల సంఖ్యలో రైతులైనారు. ఆ పొలం ఎంత ముచ్చటగా ఉంటుందో అంత వింతగానూ ఉంటుంది. అక్కడ కాలువకు నీరు రాలేదన్న బెంగ లేదు. కాలువలో గుర్రపుడెక్క అల్లుకోదు, మురుగు కాలువ పొంగి ఊడ్చిన చేను మునగదు. భూమి ఒకరిది, చాకిరి కౌలు రైతుది కావడం అక్కడ లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలాది ప్రాణాలు బలిగొన్న ఉప్పెన వంటిది ఆ ఆకాశంలో ఎన్నటికీ పుట్టదు. అక్కడ పంట పాడయ్యేది ఒకే ఒక కారణం వల్ల: ఆడేవాడు చెప్పిన వేళకు తిరిగి రాకపోతే చేను వాడిపోతుంది.

ఈ ఒక్క నియమంలో ఆ లోకపు తాత్పర్యమంతా ఉన్నది. డెల్టా రైతు కూడ తెల్లవారుజామున చేనికి పోతాడు. నీరు కట్టవలసి ఉన్నది కనుక పోతాడు. ఫార్మ్‌విల్ రైతు తిరిగి రావడం చేనుకు అవసరం లేదు, కంపెనీకి అవసరం. ఎంత తరచుగా వస్తే అంతగా వ్యాపారం. వాడిన చేనును డబ్బిచ్చి బాగుచేసుకొనే సదుపాయాన్ని కూడ ఆ కంపెనీయే కల్పించింది.

ఇక పామర్రు కూడలిలోని యువకుడు తిరుగుతున్న ఎరాంగెల్ సంగతి. 2017లో ‘పబ్జీ’ ఆటతో పాటు ఈ దీవి ప్రసిద్ధికెక్కింది. ఐర్లండు దేశీయుడైన బ్రెండన్ గ్రీన్ తన కుమార్తె పేరును తలపించేటట్లు దీనికి ఆ పేరు పెట్టాడు. 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు ఉన్న చతురస్రంలో ఊళ్ళు, వంతెనలు, పొలాలు, పాడుబడిన సైనిక స్థావరం ఉన్నాయి. నూరుగురు విమానం నుండి దూకుతారు. భద్రమైన ప్రదేశం చుట్టూ ఒక వలయం క్రమంగా కుంచించుకొనిపోతుంది. చివరకు ఒక్కరు, లేక ఒక్క జట్టు మిగలాలి. ఈ ఆట ఆడినవాడు హంతకుడవుతాడని భయపెట్టడం అతిశయోక్తి. నలుగురు స్నేహితులు ఒకరినొకరు కాపాడుకొంటూ ఆడడంలో స్నేహధర్మం కూడ లేకపోలేదు. కలవరపరచే విషయం మరొకటి. ఆ దీవిలో ఇళ్ళున్నాయి, ఇంటివారు లేరు. ప్రతి ఇల్లూ దోచుకోవడానికే ఉన్నది. వంటగదిలో పొయ్యి వెలగదు, పొలంలో ఎవరూ కోత కోయరు. ఎదురుపడిన మనిషి తన జట్టువాడు కాకుంటే శత్రువే. ఊరంటే ఇట్లా ఉంటుందన్న భావం రోజుకు నాలుగు గంటల చొప్పున మనస్సులో ఇంకితే అది ఎక్కడికి పోతుందన్న ప్రశ్నను తేలికగా తీసివేయరాదు.

అయినా పాత ఆటలకూ కొత్త ఆటలకూ గల అసలు భేదం హింస కాదు. పులి మేకను చంపడమూ హింసే. భేదం చివరి గడిలో ఉన్నది. వైకుంఠపాళికి వైకుంఠమున్నది. అక్కడికి చేరితే ఆట ముగిసినట్లే. ఏకాదశి జాగరణ తెల్లవారగానే పటం చుట్టి అటక మీద పెట్టేవారు. ఆ పటం గీసినవానికి ఆడినవారి నుండి మరేమీ అక్కరలేదు. ఎరాంగెల్‌లో ఒక్కొక్క పందెం అరగంటలో ముగుస్తుంది గాని, ఆట ముగియదు. గెలిచినవాడికి పై మెట్టు చూపబడుతుంది. ఓడినవాడికి మరొక అవకాశం చూపబడుతుంది. మూడు రోజులు రాకపోతే కబురు వస్తుంది. కొత్త దుస్తులు, తుపాకికి కొత్త రంగులు అమ్మకానికి వస్తాయి. భారతంలో ధర్మరాజు సర్వస్వాన్నీ ఒడ్డి ఓడిపోయాడు. ద్రౌపదికి లభించిన వరాల వల్ల అన్నీ తిరిగి దక్కి ఇంద్రప్రస్థానికి బయలుదేరాడు. అప్పుడు దారిలోనే మళ్ళీ పిలుపు వచ్చింది. ఆ రెండవ ఆటకు అనుద్యూతమని పేరు. వనవాసానికి పంపినది ఆ రెండవ పిలుపే. అంగడిలోని ఆటలు చాల వరకు అనుద్యూతాన్నే నమ్ముకొని నడుస్తున్నాయి.

చట్టం ఈ విషయాన్ని కొంతవరకే పట్టించుకొన్నది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి జూద చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించి, ఇ-క్రీడలను వాటి నుండి వేరుచేసింది. ఇది అవసరమైనదే. కాని డబ్బు ఒడ్డకుండ కాలాన్ని ఒడ్డే ఆటలు ఈ చట్టానికి అందవు.

మరొక భేదం స్వామ్యానికి సంబంధించినది. పులిజూదం ఎవరి సొత్తూ కాదు. కల్లాపి చల్లితే గీతలు చెరిగిపోతాయి. మరునాడు ఎవరైనా గీసుకొంటారు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం నిషేధించగా, అక్టోబరు 30 నాటికి పబ్జీ మొబైల్ ఆట భారతదేశంలో పూర్తిగా ఆగిపోయింది. తరువాత అదే దీవి మరొక పేరుగల ఆటలో 2021లో తిరిగి వచ్చింది. 2022లో మళ్ళీ అంగడి నుండి తొలగింపబడి, 2023లో మరల ప్రవేశించింది. ఫేస్‌బుక్‌లోని మొదటి ఫార్మ్‌విల్ 2020 డిసెంబరు 31తో మూతబడింది. పదకొండేళ్ళుగా అందులో పంటలు పండించినవారికి గింజ మిగలలేదు. ఆ లోకాలలో నివసించేవారంతా కౌలుదార్లే. పట్టాలు వేరొకరి పేరున ఉంటాయి.

తెలుగువారు తమ లోకాలను తాము కట్టుకొంటే ఈ చిక్కు తీరుతుందని కొందరంటారు. ‘బాహుబలి’ చిత్రాల మాహిష్మతి దేశమంతా ఎరిగిన కల్పిత నగరం. అందులోని కాలకేయులకు కిలికి అనే భాష కూడ సృష్టింపబడింది. 2017లో ఆ మాహిష్మతి సెల్‌ఫోను ఆటగా కూడ వచ్చింది. కోట కట్టడం, సైన్యం పెంచడం, శత్రువు మీదికి పోవడం అన్న పరిచిత పద్ధతే అందులోనూ కనబడింది. కిరీటాలు, ఆభరణాలు మనవైనంత మాత్రాన లోకం మనది కాదు. లోకాన్ని నిర్ణయించేది వేషం కాదు, నియమం.

అట్లని కోట్ల పెట్టుబడి లేనివారు చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. ‘మైన్‌క్రాఫ్ట్’ అనే ఆటలో ఆడేవారే దిమ్మెలు పేర్చి ఊరు కట్టుకొంటారు. ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థ 2012 నుండి ఈ ఆటను ఆధారం చేసుకొని, అనేక దేశాల పేదవాడల వారిచేత తమ వీధులు, మైదానాలు ఎట్లా ఉండాలో కట్టించి చూస్తున్నది. కట్టినవారిలో చిన్న పిల్లలు కూడ ఉన్నారు. సుద్దముక్క చాలునన్నది పులిజూదం ఏనాడో రుజువు చేసింది.

పామర్రు చుట్టూ అటువంటి ఆటకు కావలసిన లోకం సిద్ధంగా ఉన్నది. 1855లో బెజవాడ దగ్గర పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజి, అక్కడి నుండి బయలుదేరి లాకులు, తూములు దాటి సముద్రపు చెంతకు పోయే కాలువలు. ఎగువన ఉన్నవారికి నీరు ముందు అందుతుంది. బందరు, కృత్తివెన్ను, కోడూరు, నాగాయలంకల శివారు భూములకు చివర అందుతుంది, కొన్ని ఏళ్ళలో అందదు. కొందరు విద్యార్థులు ఒక అట్ట మీద ఈ కాలువను గడులుగా గీసి, గవ్వలను నీరుగా పంచుకొని, ఒకరు లస్కరుగా తూము దగ్గర కూర్చొని, తక్కినవారు ఎగువ రైతులు, శివారు రైతులుగా ఆడవచ్చు. కష్టమంతా గెలుపును నిర్ణయించడంలోనే ఉన్నది. ఎవరి కుప్ప పెద్దదైతే వారే గెలిచినట్లని వ్రాస్తే అది వరిచేలు మొలిచిన ఎరాంగెల్ అవుతుంది. కోడూరు గడి తడిస్తేనే అందరూ గెలిచినట్లని వ్రాస్తే తూము దగ్గరి రైతు ప్రతి గవ్వనూ చేతిలో పట్టుకొని ఆలోచించవలసి వస్తుంది. కాని అతనికి ఆటలో రుచి ఏమి మిగులుతుందన్న ప్రశ్న వస్తుంది. ఈ ప్రశ్నకు జవాబు ఆడి చూసి, నియమం మార్చి, మళ్ళీ ఆడి తెలుసుకోవలసినదే. ఆట ఆకుమడితో మొదలై కుప్పనూర్పిడితో ముగియాలి. చివరి గడిలో కుప్ప నూర్చిన తరువాత అట్టను మడిచి పుస్తకాల సంచిలో పెట్టుకొని, బస్సు వస్తే ఎక్కిపోవచ్చు.